వైడ్ లెన్స్ కొనే ముందు ఎత్తిపోతలకు ఒకసారి వెళ్లిరండి

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఎత్తిపోతల దగ్గర ఆగకుండా పోయే ఫొటోగ్రాఫర్ ఉండడు. నేనూ ఆగాను. కొత్తగా కొన్న వైడ్ లెన్స్ బ్యాగులో ఉంది. వానలు బాగా పడిన ఏడాది అది. చంద్రవంక నిండుగా పారుతోంది. సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతున్న నీళ్ల హోరు జలపాతం కంటపడక ముందే వినిపించింది. గబగబా వ్యూ పాయింట్ దగ్గరికి వెళ్లి, జూమ్‌ని 10 ఎంఎంకి తిప్పి నొక్కాను.

తెర మీద చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది. కంటికి అంత పెద్దగా కనిపించిన జలపాతం ఫొటోలో గోడ మీద సుద్దముక్కతో గీసిన గీతలా ఉంది. ముందు ఇనుప కటకటాలు, పైన తెల్లటి ఆకాశం, రెండు పక్కలా బండలు. ఫొటో నిండా అవే. నా పక్కన నిలబడ్డ కుర్రాడు పాత కిట్ లెన్స్‌ని 35 దగ్గర పెట్టి తీశాడు. అతని ఫొటోలో నీళ్లు కనిపించాయి, నురగ కనిపించింది, కింద మడుగు కనిపించింది.

లెన్స్‌లో లోపమేమీ లేదు. ఆ చోటికి ఆ లెన్స్ పనికిరాదు, అంతే. నరసరావుపేట, మాచర్ల, గురజాల స్టూడియోల్లో పనిచేస్తూ, పెళ్లిళ్లు లేని రోజుల్లో ప్రకృతి ఫొటోలు నేర్చుకుందామనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ల్యాండ్‌స్కేప్‌కి ఏ వైడ్ కొనమంటావు?" మోడల్ పేరు చెప్పడం తేలికే, కింద చెబుతాను కూడా. అయితే ఆ లెన్స్ ఏ పని చేస్తుందో తెలియకుండా కొంటే, నాలాగే డబ్బు పెట్టి నిరాశ కొనుక్కున్నట్టవుతుంది.

వైడ్ లెన్స్ అసలు పని

వైడ్ లెన్స్ అంటే "అంతా పట్టే లెన్స్" అని చాలామంది అనుకుంటారు. పట్టడం నిజమే. మామూలు క్రాప్ సెన్సర్ కెమెరా మీద 18–55 కిట్ లెన్స్ 18 దగ్గర అడ్డంగా సుమారు 66 డిగ్రీల మేర చూస్తుంది. అదే కెమెరా మీద 10 ఎంఎం సుమారు 99 డిగ్రీలు చూస్తుంది. కానీ ఫొటో సైజు పెరగదు కదా. అంత మేరనూ అదే ఫ్రేములో కుక్కాలంటే అందులోని ప్రతి వస్తువూ చిన్నదవ్వాలి. నిలబడిన చోటు మారకుండా 18 నుంచి 10కి వస్తే, ఎదురుగా ఉన్న జలపాతం ఎత్తు సగానికి కాస్త పైన నిలుస్తుంది. ఫొటోలో అది ఆక్రమించే జాగా మూడో వంతుకన్నా తగ్గిపోతుంది. ఎత్తిపోతల దగ్గర లోయ అడ్డం ఉంది, ముందుకు పోలేం. అందుకే నా ఫొటో అలా వచ్చింది.

ఇప్పుడు అదే లెన్స్‌తో ఏదైనా వస్తువుకి రెండడుగుల దగ్గరికి వెళ్లండి. రెండడుగుల్లో ఉన్న కుండ, పదడుగుల్లో ఉన్న అంతే కుండకన్నా ఐదింతలు పెద్దగా పడుతుంది. ఈ తేడా లెన్స్ వల్ల రాదు, మనం నిలబడిన చోటు వల్ల వస్తుంది. అంత దగ్గరికి వెళ్లినా వెనకున్న పొలం, కొండ, ఆకాశం ఫ్రేములోంచి జారిపోకుండా పట్టి ఉంచడమే వైడ్ లెన్స్ చేసే మేలు.

అంటే ఈ లెన్స్ కొనాల్సింది దూరపు కొండ కోసం కాదు. కాళ్ల ముందున్న రాయి, గట్టు, చేను కోసం. ముందు భాగంలో చెప్పుకోదగ్గది ఏమీ లేకపోతే వైడ్ ఫొటోలో సగం ఖాళీ నేలే మిగులుతుంది.

మిరప కల్లంలో ఒక ఉదయం

ఈ మాట నాకు పుస్తకం చదివితే తెలియలేదు, కారంపూడి దాటాక రోడ్డు పక్కన ఒక మిరప కల్లంలో తెలిసింది. ఫిబ్రవరి నెల, అప్పుడే పొద్దు పొడుస్తోంది. పట్టాల మీద ఆరబోసిన కాయలు ఎకరం మేర ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఘాటుకి ముక్కు మండుతోంది. ఒక పెద్దావిడ గొంతుక్కూర్చుని తాలు కాయలు వేరు చేస్తోంది. నన్ను చూసి, "అబ్బాయ్, చెప్పులు అవతల ఇడిచిపెట్టి రా. కాయల మీద నడవమాక" అంది.

చెప్పులు విడిచి, రెండు పట్టాల మధ్య సందులో ట్రైపాడ్‌ని మోకాలెత్తున పెట్టాను. 10 ఎంఎం, ఎఫ్/11, ఐఎస్ఓ 100. ఫోకస్‌ని చేత్తో తిప్పి రెండడుగుల దూరంలో ఉన్న కాయల మీద పెట్టాను. ముందు వరస కాయలు ఒక్కొక్కటీ ముడతలతో, తొడిమలతో చేతికందేలా కనిపిస్తున్నాయి. వాటి వెనక ఎరుపు పలచబడుతూ ఆమె దాకా సాగింది. ఆమె వెనక మిగతా కల్లం, తుమ్మ చెట్లు, ఆ పైన నల్లమల అంచు నీలంగా ఒక సన్నటి గీత. అడుగు దూరం నుంచి ఆ గీత దాకా అంతా స్పష్టంగా వచ్చింది. అదే కల్లాన్ని నిలబడి, కంటి ఎత్తు నుంచి తీస్తే పట్టాల మీద కాయలు ఎర్ర చుక్కల్లా వచ్చాయి. చోటు అదే, లెన్స్ అదే. నేను మూడడుగులు కిందికి దిగాను, అదొక్కటే తేడా.

ఆ స్పష్టత వెనక చిన్న లెక్క ఉంది, గుర్తు పెట్టుకోండి. క్రాప్ కెమెరా మీద 10 ఎంఎంకి ఎఫ్/8 దగ్గర రెండడుగుల మీద ఫోకస్ పెడితే, కాస్త అటూ ఇటుగా అడుగు దూరం నుంచి దిగంతం వరకు స్పష్టంగా ఉంటుంది. 18 ఎంఎంకి అదే ఎఫ్/8 దగ్గర సుమారు ఆరున్నర అడుగుల మీద ఫోకస్ పెట్టాలి. అప్పుడు మూడడుగులకన్నా దగ్గరున్నవి మసకబారతాయి. ఎఫ్/16, ఎఫ్/22 దాకా మూస్తే ఇంకా బాగుంటుందని అనుకోకండి. క్రాప్ సెన్సర్ మీద ఎఫ్/11 దాటితే ఫొటో మొత్తం మెత్తబడటం మొదలవుతుంది.

కొనాలా వద్దా: మూడు పరీక్షలు

మొదటిది పైసా ఖర్చు లేనిది. ఏడాదిగా తీసిన మీ ప్రకృతి ఫొటోలన్నీ కంప్యూటర్‌లో వేసి, ఏది ఎన్ని ఎంఎం దగ్గర తీశారో చూడండి. ప్రతి ఫొటోలోనూ ఆ వివరం దాగి ఉంటుంది. లైట్‌రూమ్ వాడేవాళ్లు దాన్నిబట్టి ఫొటోలను వడగట్టుకోవచ్చు కూడా. ఎక్కువ ఫొటోలు 18 దగ్గరే ఉండి, వెనక్కి జరగడానికి చోటు లేక ఆగిపోయిన జ్ఞాపకం ఉంటే మీకు వైడ్ కావాలి. ఎక్కువ 55 దగ్గర ఉంటే మీ కన్ను దూరం చూస్తోంది. మీకు కావాల్సింది 55–250 లాంటి టెలి లెన్స్. యల్లమంద పొలాల నుంచి కోటప్పకొండ మూడు శిఖరాలను నిండుగా పట్టాలంటే టెలి చేసే పని వైడ్ చేయలేదు.

రెండోది మీ జేబులోనే ఉంది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి 0.5 లేదా 0.6 అనే కెమెరా ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది సుమారు 13 నుంచి 16 ఎంఎం. క్రాప్ కెమెరా మీద 10 ఎంఎం చూపించే మేరకు అది దగ్గరగా ఉంటుంది. మూడు ఆదివారాలు ఆ ఫోన్ పట్టుకుని తిరగండి. ఎక్కడ ఆ కోణం బాగుంది, ఎక్కడ ఖాళీగా ఉంది అని మీకే తెలుస్తుంది.

మూడోది అద్దె. గుంటూరులో, విజయవాడలో లెన్సులు రోజు అద్దెకు ఇచ్చే దుకాణాలున్నాయి. ఒక రోజు తెచ్చుకుని, ఆ రోజంతా ఆ ఒక్క లెన్సే వాడండి. కొన్నాక బాధపడటం కన్నా ఒక రోజు అద్దె చౌక.

మీ కెమెరాకి ఏది సరిపోతుంది

ముందు మీ కెమెరా సెన్సర్ ఏదో తెలుసుకోండి. 24 ఎంఎం అనే అంకె ఫుల్ ఫ్రేమ్ మీద మంచి వైడ్. అదే అంకె నికాన్, సోనీ క్రాప్ మీద 36లా, కెనాన్ క్రాప్ మీద 38లా పనిచేస్తుంది, అంటే దాదాపు మామూలు లెన్సే. క్రాప్ కెమెరా ఉన్నవాళ్లు 10 లేదా 12తో మొదలయ్యే జూమ్ చూడాలి. ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్లకు 16 లేదా 17తో మొదలయ్యేది చాలు. ఈ చిన్న అంకెల దగ్గర ఒక్కో ఎంఎంకీ విలువ ఎక్కువ. క్రాప్ మీద 12 ఎంఎం అడ్డంగా సుమారు 89 డిగ్రీలు చూస్తుంది, 10 ఎంఎం 99. టెలి లెన్స్‌లో రెండు ఎంఎం తేడా కంటికి ఆనదు, ఇక్కడ ఆనుతుంది.

1500డీ, 200డీ లాంటి కెనాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లకు ఈఎఫ్-ఎస్ 10–18 మంచి మొదటి అడుగు. 2014లో వచ్చింది, బరువు 240 గ్రాములు, షేక్ తగ్గించే ఐఎస్ ఉంది. అయితే ఇది 6డీ లాంటి ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి తగలదు. రేపు ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లే ఆలోచన ఉంటే ఇది లెక్కలో పెట్టుకునే కొనండి. ఆర్50, ఆర్10 ఉన్నవాళ్లకు 2023లో వచ్చిన ఆర్ఎఫ్-ఎస్ 10–18 ఉంది, 150 గ్రాములే.

నికాన్ డీ3500, డీ5600 ఉన్నవాళ్లకు 2017లో వచ్చిన ఏఎఫ్-పీ డీఎక్స్ 10–20 సరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ ఏఎఫ్-పీ రకం లెన్సులు డీ90, డీ3200, డీ5100, డీ7000 లాంటి పాత నికాన్ కెమెరాల మీద పనిచేయవు. తగులుతాయి, కానీ ఫోకస్ కావు. మన స్టూడియోల్లో ఆ పాత బాడీలు ఇంకా తిరుగుతున్నాయి. వాటి మీద వాడాలంటే టోకినా 11–16 లేదా 11–20 లాంటివి చూడాలి. డీ3200, డీ5100 ఉన్నవాళ్లు ఫోకస్ మోటార్ లెన్స్‌లోనే ఉందా అని కూడా అడగాలి, ఎందుకంటే ఆ బాడీల్లో మోటార్ లేదు. నికాన్ జెడ్50, జెడ్30కి 12–28, సోనీ ఏ6400కి 10–20 జీ ఉన్నాయి. సోనీ ఏ7 మీద పెళ్లిళ్లు చేసేవాళ్లు టామ్రాన్ 17–28 ఎఫ్/2.8 చూడొచ్చు. కెనాన్ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి పాతదైనా గట్టిది 17–40.

ల్యాండ్‌స్కేప్ ఒక్కదానికే అయితే ఎఫ్/2.8 కోసం డబ్బు పోయొద్దు. ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర తీసేవాళ్లకు ఎఫ్/4.5 లెన్స్ చాలు. రాత్రి పెళ్లి మండపంలో కూడా అదే లెన్స్ వాడతామనుకుంటేనే 2.8కి వెళ్లండి. ముందు అద్దం గుమ్మటంలా పొంగి ఉండే లెన్సులు కొన్ని ఉన్నాయి. వాటికి మామూలు ఫిల్టర్ బిగించలేం. మొదటి లెన్స్‌గా అవి వద్దు.

సెకండ్ హ్యాండ్ అయితే

మన పల్నాడు జిల్లాలో చాలామంది మొదటి వైడ్ లెన్స్ చేతులు మారిందే. తప్పు లేదు, చూసి కొనాలి. సెల్‌ఫోన్ టార్చ్‌ని లెన్స్ వెనక నుంచి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులాంటి తెల్లటి పోగులు కనిపిస్తే ఫంగస్. ఎంత తగ్గించినా తీసుకోవద్దు. దుమ్ము చుక్కలు ఒకటి రెండున్నా పరవాలేదు.

తర్వాత నాపరాళ్లు పరిచిన గోడ ఒకటి చూడండి, మన పల్నాట్లో వాటికి కొదవ లేదు. కెమెరాను గోడకు సూటిగా పెట్టి ట్రైపాడ్ మీద ఫొటో తీసి, తెర మీద నాలుగు మూలలూ పెద్దది చేసి పోల్చండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. మూడు బాగుండి ఒక మూల మాత్రం అలికేసినట్టుంటే ఎప్పుడో కింద పడిన లెన్స్ అని అనుమానించండి. మీ బాడీకే తగిలించి ఫోకస్ అవుతుందో లేదో అక్కడే చూసుకోండి. డబ్బు ఇచ్చాక కాదు.

కొన్నాక కాపాడుకోవడం ఇంకో పని. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర, కంకర క్వారీల దగ్గర తీస్తే అద్దం మీద పొడి పేరుకుంటుంది. దాన్ని చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖరుకే గుడ్డ.

ప్రభ వెనక్కి ఎందుకు వాలుతుంది

మహాశివరాత్రికి కోటప్పకొండ ప్రభల్ని వైడ్‌తో తీసిన ప్రతివాళ్లకూ ఇది అనుభవమే. ఆకాశాన్ని తాకేలా కట్టిన ప్రభ ఫొటోలో వెనక్కి పడిపోతున్నట్టు, పైన సన్నగా, కింద లావుగా వస్తుంది. కారణం కెమెరాను పైకెత్తడం. లెన్స్ ఎంత వైడ్ అయితే ఈ వాలు అంత ఎక్కువ కనిపిస్తుంది. కెమెరాను నిలువుగా పట్టి, లెన్స్ చూపును నేలకు సమాంతరంగా ఉంచండి. దిగంతం ఫ్రేము మధ్యలో ఉంటుంది, ప్రభ తిన్నగా నిలబడుతుంది. కింద మిగిలిపోయిన నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు. కుదిరితే ఆ నేల ఖాళీ లేకుండా లాగుతున్న మనుషుల్నీ, మోకుల్నీ ముందుకు తెచ్చుకోండి, కత్తిరించే అవసరమే రాదు. అమరావతి ధ్యానబుద్ధ విగ్రహానికీ, ఊళ్లో గుడి గోపురానికీ ఇదే సూత్రం.

పెళ్లిలో గ్రూపు ఫొటోకి వైడ్ పెట్టేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఫ్రేము అంచుల్లో నిలబడ్డవాళ్లు పక్కకి సాగి లావుగా కనిపిస్తారు. అంచుకి పెళ్లికూతురి మేనత్తను నిలబెడితే ఆల్బమ్ చూసినప్పుడు ఆమె మనసు కష్టపెట్టుకుంటుంది. క్రాప్ మీద 16కన్నా కిందికి వెళ్లకుండా, రెండు పక్కలా కాస్త జాగా వదిలి తీయండి.

పల్నాడు ఏడాది

ఈ లెన్స్‌కి మన దగ్గర పని లేకపోవడమనేది ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరప కల్లాలు, శివరాత్రి ప్రభలు. కొండవీడు కోట గోడల దగ్గర వెనక్కి జరిగే చోటు ఉండదు. అక్కడ రాతిని చేతి దూరంలో పెట్టుకుని లోయ మొత్తం పట్టొచ్చు. వానల తర్వాత వాగుల్లో బండల మధ్య నీళ్లు పారేటప్పుడు ట్రైపాడ్ కిందికి దించి, ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ పెడితే, ఫిల్టర్ లేకుండా సెకనులో ముప్పయ్యో వంతు పట్టే ఫొటోకి రెండు సెకన్లు దొరుకుతాయి, నీళ్లు పట్టులా జారతాయి. పోలరైజర్ మాత్రం 10 ఎంఎం మీద ఆకాశాన్ని ఒక పక్క ముదురుగా, ఒక పక్క వెలిసిపోయినట్టు చేస్తుంది. ఆకాశం ఎక్కువున్న ఫొటోల్లో దాన్ని తీసేయండి.

సాగర్ డ్యామ్ 26 గేట్లూ ఒకే ఫొటోలో కావాలంటే వైడ్ అక్కర్లేదు. కిట్ లెన్స్‌ని 35 దగ్గర పెట్టి, కెమెరా నిలువుగా పట్టి, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో కట్టేసి, ఒక్కో ఫొటో ముందుదాని మీద మూడో వంతు పడేలా ఆరేడు తీసి కంప్యూటర్‌లో అతికించండి. గేట్లు పెద్దగా ఉంటాయి, వివరం పోదు. డ్యామ్ దగ్గర భద్రతా సిబ్బందిని అడిగి, వాళ్లు ఒప్పుకున్న చోటు నుంచే తీయాలి. ఇక మే నెల. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా తెలుసు. తొమ్మిది దాటితే దూరపు కొండలు తెల్లటి ఆవిరిలో కలిసిపోతాయి. ఆ నెలలో ఏడు లోపే పని ముగించండి.

డబ్బు మాట

వాయిదాల మీద వైడ్ లెన్స్ కొనొద్దని గట్టిగా చెబుతాను. ల్యాండ్‌స్కేప్ ఫొటో మొదట్లో అన్నం పెట్టదు. కానీ అదే లెన్స్ పెళ్లి మండపం, స్టేజీ డెకరేషన్, ఇరుకు గదిలో పెళ్లికొడుకు ముస్తాబు, ఫంక్షన్ హాల్ బ్రోచరు, కొత్తిల్లు అమ్మకానికి పెట్టేవాళ్ల ఫొటోలు తీస్తుంది. ఏ నెలలో ఈ పనులకు ఎన్నిసార్లు వైడ్ అవసరమైందో ఒక పుస్తకంలో రాసుకోండి. నెలకు రెండు మూడు సార్లయినా అవసరం పడితే కొనండి. అంతదాకా అద్దె చాలు. గట్టి ట్రైపాడ్ లేకపోతే ముందు అదే కొనండి. వైడ్ ఫొటోలో ముందు భాగం కోసం కెమెరా కిందికి దిగాలి, ఆ ఎత్తున చేత్తో నిలకడగా పట్టుకోవడం కష్టం.

ఈ ఆదివారం మీ దగ్గరున్న కిట్ లెన్స్‌ని 18కి తిప్పి, మళ్లీ కదపకుండా ఒక కల్లానికో, వాగుకో వెళ్లండి. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి, నేల మీదకు వంగి ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మూడోది బాగా వచ్చి, ఇంకాస్త మేర పడితే బాగుండేదని మీకు అనిపించిన రోజున వైడ్ లెన్స్ కొనండి. మన పొలాల్లో, కల్లాల్లో తీసేటప్పుడు ముందు అడగండి, చెప్పులు విడవమంటే విడవండి, తీసిన ఫొటోలో ఒకటి ప్రింటు వేసి వాళ్లకు ఇచ్చిరండి. కారంపూడి దాటాక ఆ కల్లంలో తాలు ఏరిన పెద్దావిడ ఇంట్లో, దేవుడి పటాల పక్కన, నేనిచ్చిన ప్రింటు ఇప్పటికీ ఉంది.